పన్నా మారియాలో ఓక్ చెట్టు కింద

గుణదల తిరునాళ్ళకు చిన్నప్పటి నుంచీ నడిచి వెళ్ళిన మా అమ్మ దృష్టిలో కారులో చేసేది యాత్రే కాదు. డిసెంబరులో ఒక శనివారం టెక్సస్‌లోని ఆస్టిన్ నుంచి బయల్దేరాం. దారంతా జపమాల చెబుతూనే, మధ్యమధ్యలో "కాసేపైనా దిగి నడవనివ్వరా" అని నన్ను పీడించింది. పన్నా మారియా అంటే పోలిష్ భాషలో కన్య మరియమ్మ అని నేనే నోరు జారాను. ఇక ఆ ఊరు చూడకుండా ఇండియాకు తిరిగి వెళ్ళనని పట్టుబట్టింది.

శాన్ ఆంటోనియో దాటి ఆగ్నేయంగా ఇంకో గంట వెళ్ళాలి. పశువుల బీళ్ళు, చమురు బావులు, ఆ తరువాత దూరంగా గుడి శిఖరం. ఊరంటే గుడి, సమాధులు, పాత బడి, కాసిన్ని ఇళ్ళు, అంతే. అమెరికాలో నేటికీ నిలిచి ఉన్న పోలిష్ ఊళ్ళలో మొట్టమొదటిది ఇదే.

ఈ ఊరి పుట్టుకకు కారణం కొన్ని ఉత్తరాలు. లెయోపోల్డ్ మొచిగెంబా అనే ఫ్రాన్సిస్కన్ గురువు 1852 నుంచి టెక్సస్‌లోని జర్మన్ కథోలికుల మధ్య పనిచేసేవాడు. ఇప్పటి పోలండ్‌లో ఉన్న ఎగువ సైలీషియాలోని సొంతూరికి "ఇక్కడ భూమి ఉంది, రండి" అని రాశాడు. అక్కడ అప్పుడు ప్రష్యా అనే జర్మన్ రాజ్యం పాలన. వరదలు, బంగాళాదుంప తెగులు, మండిపోతున్న ధాన్యం ధరలు. సుమారు వంద కుటుంబాలు 1854 డిసెంబరు మొదట్లో గాల్వెస్టన్ రేవులో దిగాయి. పనిముట్లు, ఈకల పరుపులు, ఊరి గుడి శిలువ అద్దె ఎద్దుబండ్లలో ఎక్కాయి, మనుషులు మాత్రం నడిచారు. టెక్సస్ ఎండకు ఈకల పరుపులేమిటని నవ్వబోయి ఆగాను. మా అమ్మ సూట్‌కేసులో రాతి కల్వం వచ్చింది మరి.

డిసెంబరు 24న చేరుకున్నారు. గుడి లేదు, ఇల్లు లేదు. ఒక ఓక్ చెట్టు కింద క్రిస్మస్ పూజ జరిగింది. ఆ తరువాత మనిషెత్తు గడ్డి, గిలక్కాయ పాములు, 1856లో మొదలైన కరువు. భూమిని శాన్ ఆంటోనియో వ్యాపారి జాన్ ట్వోహిగ్ బాగా ధర పెంచి అమ్మాడు. జనం కోపం మాత్రం ఉత్తరాలు రాసినవాడి మీదికి మళ్ళింది. ఉరి తీస్తామని కొందరు, నదిలో ముంచుతామని కొందరు బెదిరించారని చెబుతారు. రెండేళ్ళు నిండేసరికి ఫాదర్ ఊరు వదిలిపోయాడు.

ఇక్కడ నాకు మా బాబాయి కొడుకు గుర్తొచ్చాడు. "నేనున్నాను కదా, వచ్చెయ్" అని వాణ్ణి పిలిచింది నేనే. ఉద్యోగం పోయి తిరిగి వెళ్ళినవాడు ఇప్పటికీ నా ఫోను ఎత్తడు. కాబట్టి ఈ ఫాదర్ విషయంలో నేను తటస్థుణ్ణి కాను.

మొదటి గుడిని 1875లో పిడుగు కూల్చింది. ఇప్పుడున్నది ఆ తరువాత రెండుమూడేళ్ళలో లేచింది. లోపల చెన్స్తొహోవా మాత, అంటే పోలండ్‌వాళ్ళు కొలిచే నల్ల మరియమ్మ మొజాయిక్ ఉంది, 1966లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఇచ్చిన కానుక. నల్లని ముఖం, చెంప మీద రెండు గాట్లు. అమ్మ ఆ గాట్ల దగ్గరే ఆగిపోయి, కొంగు తల మీదికి లాక్కుని చాలాసేపు నిలబడింది.

బయట ఒక ముసలావిడ పలకరించింది. ఆవిడ ఇంట్లో ఇంకా సైలీషియా యాసే మాట్లాడతారట. పాత దేశంలో లేని గిలక్కాయ పాముకు ముత్తాతలు చప్పుడును బట్టి "ష్చిర్కోవా" అని పేరు పెట్టుకున్నారట. అమ్మ ఆ మాటను రెండుసార్లు పలికించుకుంది.

ఓక్ చెట్టు కింద ఒక సమాధి ఉంది. 1891లో డెట్రాయిట్‌లో పోయిన మొచిగెంబా అవశేషాలను 1974లో తెచ్చి ఇక్కడ పెట్టారు. తరిమిన ఊరే తెచ్చుకుందని చెబితే అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేసింది.

"ఆయన రాసింది అబద్ధమా?" అంది.

"భూమైతే ఉంది కదమ్మా" అన్నాను.

తిరుగు ప్రయాణంలో ఊరి చివర కారు ఆపించి దిగింది. చేతికి దొరికిన ఎండుకొమ్మతో రోడ్డు పక్క గడ్డిని తట్టుకుంటూ, ష్చిర్కోవాలకు ముందే కబురు చేస్తూ నడిచింది. లైట్లు వెలిగించుకుని వెనకాలే నెమ్మదిగా వెళ్ళాను. అర మైలు దాకా కారెక్కలేదు.