పన్నెండు కాపీల పుస్తకం: ఏడు అయ్యాయి, ఐదు మిగిలాయి

జనవరి

మా కాలేజీ బ్యాండ్ పాటలతో పన్నెండు కాపీల పుస్తకం చేత్తో కడుతున్నాను. ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో ముందు చెప్పాలి. ఉద్యోగరీత్యా గిల్డ్‌ఫర్డ్‌లో ఉంటున్నాను. లండన్‌కి నైరుతిన, సర్రీ కౌంటీలో ఉంటుంది. గురువారం సాయంత్రాలు బైండింగ్ క్లాసుకి వెళ్తాను. అక్కడ పరిచయమైన పెద్దాయనొకరు పోయినేడు ఇంటికి పిలిచి, కాఫీ ఇవ్వడానికి ముందే చేతులు కడుక్కుని తుడుచుకోమన్నారు. తర్వాత బీరువాలోంచి తీసింది బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ తన పాటల గురించి రాసిన 'ఐ మీ మైన్'. 1980లో జెనెసిస్ పబ్లికేషన్స్ వేసిన 2000 కాపీల్లో ఒకటి. తోలు బైండింగు, లోపల నంబరు, హారిసన్ సంతకం.

జెనెసిస్ ఈ ఊరిదే. బ్రయాన్ రాయ్‌లాన్స్ 1974లో పెట్టారు. మొదట్లో వేసినవి రాక్ పుస్తకాలు కావు. బౌంటీ ఓడ నడిపిన విలియం బ్లై చేత్తో రాసుకున్న లాగ్‌బుక్కులాంటి పాత రాతప్రతులకి నకళ్ళు. ఆ పనితనమే హారిసన్ పుస్తకంలోకీ వచ్చింది. పాట అచ్చక్షరాల్లో ఒకచోట ఉంటే, పక్కనే ఆయన చిత్తుకాగితం కొట్టివేతలతో సహా ఉంటుంది. సితార్ విద్వాంసుడు రవిశంకర్ ఆత్మకథ 'రాగమాల' కూడా 1997లో వీళ్ళే వేశారు, హారిసన్ సంపాదకత్వంలో.

ఆ చిత్తుకాగితాలు చూస్తుంటే మా గాయకుడు పాట రాసుకున్న హాల్‌టికెట్ గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నలుగురం కలిసి బ్యాండ్ పెట్టాం. ఇంగ్లీషు రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ పాటలు వాయించి తిట్లు తిన్నాం. తెలుగులో ఐదు పాటలు సొంతంగా కట్టుకుని ఇంకొన్ని తిన్నాం. ఆ ఐదు పాటల చిత్తుప్రతులూ నా దగ్గరే ఉన్నాయి. 80 పేజీలు, ఏ5 సైజు, 12 కాపీలు అనుకున్నాను. పన్నెండేగా అనుకున్నాను కూడా.

ఫిబ్రవరి: కాగితం

మొదటి నమూనా పాడైంది. మామూలు ఏ4 కాగితంలో నార పొడుగువైపు పోతుంది. దాన్ని మధ్యకి మడిస్తే నార పుస్తకం వెన్నుకి అడ్డంగా పడుతుంది. పుస్తకం తెరిస్తే పేజీలు వాలవు, రేకుల్లా నిలబడతాయి. జిగురు తడి తగిలిన చోట అలలు లేస్తాయి. దీనికి మందు సులువే: నార పొడుగువైపున్న ఏ3 కాగితం కొని, సగానికి కోసుకోవాలి. అప్పుడు వచ్చే ఏ4లో నార పొట్టివైపుంటుంది, మడత దాని వెంటే పడుతుంది. కాగితం నార ఎటుందో తెలియకపోతే రెండువైపులా మెల్లగా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగుతుందో మడత అటు.

లెక్క: కాపీకి 20 ఏ4 కాగితాలు. నాలుగేసి కలిపి మడిస్తే 16 పేజీల ఫారం, అలాంటివి ఐదు. పన్నెండు కాపీలకి 240, పాడయ్యేవాటికి మూడు కాపీల సరుకు కలిపి 300. అంటే 150 ఏ3లు. 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 120 గ్రాముల బరువు) కాగితం తీసుకున్నాను. ఆ మూడు కాపీల అదనం దండగని అప్పట్లో అనిపించింది. ఇప్పుడు ఆ మాట అనను.

హాల్‌టికెట్ నకలు మీద రెండు వారాలు గడిపాను. 600 డీపీఐలో స్కాన్ చేసి తెల్ల కాగితం మీద ప్రింట్ తీస్తే జెరాక్స్‌లా ఉంది. నకలుకి ప్రాణం రంగులో కన్నా కాగితంలో ఉందని అప్పటికి తెలిసింది. పలచటి, కాస్త పసుపు తిరిగిన కాగితం వెతికి, స్కాన్‌లో కాగితం రంగు తీసేసి, సిరా, టీ మరక, స్టాంపు మాత్రమే ఉంచి ముద్రించాను. ఈసారి కుదిరింది. మా ఆవిడ అసలుదనుకుని జాగ్రత్తగా ఫైల్లో పెట్టింది. దీన్ని లోపలి అంచున మూడు మిల్లీమీటర్ల మేర జిగురు రాసి పేజీకి అతికించాలి. అంతకన్నా ఎక్కువ రాస్తే పేజీ ముడుచుకుంటుంది.

మార్చి: సంతకాలు

సంతకాలు కట్టిన పుస్తకం మీద పెట్టించరు. విడి కాగితాల మీద పెట్టించి, ఆ కాగితాన్ని పుస్తకంలో చేర్చి కడతారు. పుస్తకాలు మొయ్యక్కర్లేదు, ఒకటి పాడైతే కాగితమే పోతుంది. ఇది తెలిశాక 15 కాగితాలు సిద్ధం చేసి డల్లాస్‌లో ఉన్న మా డ్రమ్మర్‌కి పంపాను. వాడు అవన్నీ బొత్తిగా పెట్టి బాల్‌పెన్నుతో సంతకాలు గీకాడు. వాడు డ్రమ్స్ ఎలా వాయించేవాడో సంతకమూ అలాగే పెడతాడు. పై కాగితం మీది నొక్కు కింది మూడింటిలో దిగింది.

ఫోన్ చేస్తే, "ఒరేయ్, అదే కదరా ఒరిజినాలిటీ!" అన్నాడు.

కాగితాల్ని తడిగుడ్డల మధ్య కాసేపు ఉంచి, బ్లాటింగ్ కాగితాల నడుమ రెండు రోజులు బరువు కింద పెడితే నొక్కులు చాలావరకు పోయాయి. ఒకటి పోలేదు. అక్కడనుంచి కట్ట హైదరాబాద్ వెళ్ళింది. ఈసారి చీటీ పెట్టాను: ఒక్కో కాగితం విడిగా, కింద గాజుపలక, జెల్ పెన్ను, ఆరేదాకా పేర్చొద్దు. గాయకుడు అన్నీ పాటించి, రెండు కాగితాలకి వెనకవైపు సంతకం పెట్టాడు. 15లో మంచివి సరిగ్గా 12 మిగిలాయి. ఇది రాస్తున్నప్పుడు కూడా గుండె కాస్త దడదడలాడుతోంది.

ఇంగ్లీషు రాక్ గాయకుడు డేవిడ్ బోవీ, ఫొటోగ్రాఫర్ మిక్ రాక్ కలిసి 2002లో జెనెసిస్‌కి చేసిన పుస్తకం 2500 కాపీలు. ఇద్దరూ ప్రతి కాపీకీ సంతకం చేశారు. ఆ కాగితాలు ఎన్ని గదుల్లో ఎన్ని బల్లల మీద ఆరబెట్టి ఉంటారో అని ఆ రాత్రంతా అదే ఆలోచన.

ఏప్రిల్: కుట్టు, జిగురు

కుట్టు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆరెతో ఫారానికి ఐదు కన్నాలు, 18/3 (18వ నంబరు, మూడు పురుల) లినెన్ దారానికి తేనెమైనం పట్టించడం, కుట్టడం. మొత్తం 60 ఫారాలు, రోజుకి ఒక కాపీ. దారం లావైతే వెన్ను ఉబ్బుతుంది, అంతే జాగ్రత్త.

జిగురు సంగతి వేరు. తోలుకి పీవీఏ (ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు) వాడకూడదు, వెంటనే పట్టేస్తుంది, సర్దుకోనివ్వదు. పిండి జిగురే కావాలి. అమ్మతో వీడియోకాల్‌లో చెప్తే, "మైదా ఉడకబెట్టి చిటికెడు మైలుతుత్తం వెయ్యరా, పురుగు పట్టదు. మీ తాతగారి లెక్కల పుస్తకాలన్నీ అట్లాగే కట్టించేవాళ్ళు," అంది. నిజమే, మన బైండర్లు అదే వాడేవారు. కానీ రాగి లవణం ఏళ్ళు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. అందుకని మైదా ఒక వంతు, నీళ్ళు ఆరు వంతులు, ఉండకట్టకుండా ఉడికించి, జల్లెడ పట్టి, ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగు రోజుల్లో వాడేస్తున్నాను. అమ్మకి మాత్రం మైలుతుత్తం వేశాననే చెప్పాను.

మే: అట్టలు

మా బేస్ గిటారిస్టుది పెడన. వాళ్ళమ్మగారు కలంకారీ బట్ట మూడు మీటర్లు పంపారు, అచ్చు చెక్కలతో అద్దిన నల్లపువ్వులు. అట్టలకి ఇదే అని తేల్చేశాను. బట్టని నేరుగా అట్టకి అతికిస్తే జిగురు పైకి ఊరి మచ్చలవుతుంది. ముందు బట్టకి వెనక పలచటి జపాన్ కాగితం అంటించాలి. బట్ట తడిపి, గాజు మీద బోర్లా పరిచి, జిగురు రాసిన కాగితం దాని మీద వేసి, బ్రష్‌తో నొక్కి, ఎండనివ్వాలి. తడిపే ముందు ఓ మూల తెల్లగుడ్డతో అద్ది చూశాను. నలుపు కదల్లేదు, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి చేసే కసిం కదా. ఎరుపు కాస్త దిగింది. ఎరుపున్న భాగం పక్కన పెట్టేశాను.

అట్టకి రెండు మిల్లీమీటర్ల గ్రేబోర్డు (గట్టి బూడిదరంగు అట్ట) వాడాను. మొదటి రెండు కాపీల అట్టలు పడవల్లా బయటికి వంగాయి, బట్ట లాగేసింది. లోపలివైపు కూడా ఒక కాగితం అంటిస్తే అది ఎదురు లాగి సరిచేస్తుంది. ఈ ముక్క మాస్టారు క్లాసులో చెప్పారు. నేను ఆ రోజు ఫోన్ చూసుకుంటున్నాను.

జూన్: తోలు

వెన్నుకి మాత్రమే మేకతోలు, 250 × 75 మిల్లీమీటర్ల ముక్కలు. ఒక చర్మంలో పన్నెండు వస్తాయి, కానీ పొట్టవైపు తోలు సాగుతుంది, అక్కడ కొయ్యకండి. నేను కోశాను. మడత పడే అంచుల్ని కత్తితో చెక్కి అర మిల్లీమీటరుకి తేవాలి. రెండు ముక్కలకి చిల్లులు పెట్టాను. బ్లేడు మొద్దుబారితేనే చిల్లులు పడతాయి, పదునున్నప్పుడు కాదు. ప్రతి ముక్కకీ ముందు రాయి మీద నూరుకుంటున్నాను.

నంబర్ల గొడవ వేరే ఉంది. గాయకుడి కారు ఫ్యాన్సీ నంబరు 9, పుస్తకమూ తొమ్మిదే కావాలట. డ్రమ్మర్‌కీ తొమ్మిదే కావాలి. ఒకటో నంబరు ఎవరూ అడగలేదు! నొక్కు పూర్తిగా పోని ఆ సంతకం కాగితం తొమ్మిదో నంబరుకి వేశాను. ఇద్దరిలో ఎవరికి వెళ్తుందో ఇంకా చెప్పలేదు.

ఇప్పటి లెక్క: ఏడు పూర్తి. మూడింటికి అట్టలు సిద్ధం, తోలు వెయ్యాలి. రెండు కుట్టి ఉన్నాయి, వాటికి తోలు లేదు. అదే రంగు మేకతోలు మళ్ళీ దొరికితే సరే, లేకపోతే ఆ రెండూ నల్ల వెన్నుతో వస్తాయి. పుస్తకాలు పెట్టే పెట్టెలు ఇంకా మొదలుపెట్టలేదు. పుస్తకం మందం కన్నా ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువ వదలాలట. ముందు ఏడు పుస్తకాల మందమూ కొలిచాను, ఏ రెండూ ఒకటిగా లేవు.