వాన రోజు ఇంటర్వెల్

ఈ రోజు వాన తగ్గలేదు. ఇంటర్వెల్‌కి పిల్లల్ని బయటికి పంపే వీలు లేదు. 30 మంది, ఒకే గది, ఒకటే గోల.

"1 నుంచి 100 లోపు ఒక సంఖ్య అనుకున్నాను. అవును, కాదు అని మాత్రమే చెప్తాను, కనుక్కోండి" అన్నాను. మొదట అందరూ తోచింది అరిచారు. 7, 99, ఎవరి పుట్టినరోజు వాళ్లది!

ఎప్పుడూ చెయ్యెత్తని పాప ఒకతి వెనక బెంచీలో ఉంటుంది. మెల్లగా లేచి "50 కంటే పెద్దదా టీచర్?" అంది. కాదన్నాను. "25 కంటే?" అవును. 38, 32, 35, 37, 36... ఏడో ప్రశ్నకి 37 దొరికిపోయింది. దగ్గరికెళ్లి చూస్తే నోట్‌బుక్ చివరి పేజీలో సంఖ్యలు రాసుకుని, ప్రతిసారీ సగం కొట్టేస్తూ వచ్చింది. పెన్సిల్ ఒత్తి గీసినచోట కాగితం చిరిగింది కూడా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత కొందరు చుక్కలు కలిపి గళ్లు కట్టే ఆట, కొందరు చివరి అక్షరంతో మాటలు అందుకునే ఆట ఆడుకున్నారు. ఓడినవాళ్లని పక్కన కూర్చోబెట్టే ఆటలు మాత్రం నేను ఆడించను. నెమ్మదిగా ఉండే పిల్లలే అందరికంటే ముందు అవుటై, ఊరికే చూస్తూ కూర్చోవాలి. పాఠం మళ్లీ అప్పజెప్పించడమూ చేయను, అది వాళ్ల ఆట సమయం.

గంట కొట్టాక ఆ పాప వచ్చి "1000 వరకైతే ఎన్ని ప్రశ్నలు పడతాయి టీచర్?" అని అడిగింది. పది చాలు. కానీ చెప్పలేదు, తనే కనుక్కోవాలని.