నీలం గుర్తు వైపు వేడినీళ్లు

దుబాయ్, షార్జాల్లో అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్ చేసే మాలాంటి ప్లంబర్లకు జూన్ రాగానే ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న. "తమ్ముడూ, గీజర్ ఆపేశాం. అయినా వేడినీళ్లే వస్తున్నాయి. ఏం పాడైంది?"

ఏదీ పాడవలేదక్కా. నీళ్లు ముందు మేడ మీది ట్యాంకులోకి ఎక్కి, అక్కడినుంచి ఇళ్లలోకి దిగుతాయి. 45 డిగ్రీల ఎండకు ట్యాంకూ పైపులూ కాగిపోయి, సాయంత్రానికి చల్లనీళ్ల కుళాయి కింద చెయ్యి పెట్టలేం. పసిపిల్లలకు నేరుగా షవర్ కింద స్నానం చేయించకండి. బకెట్లో పట్టి, చల్లారాక పోయండి.

ఇక్కడి పాతవాళ్లు చేసేది వేరు. గీజర్ స్విచ్ కట్టేసి, కుళాయిని వేడినీళ్ల ఎర్ర గుర్తు వైపు తిప్పుకుంటారు. గీజర్ ఇంటి లోపలే ఏసీ చల్లదనంలో ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్లు మెల్లగా చల్లబడతాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది చెబితే ముందు నమ్మరు. అయితే 50 లీటర్ల గీజర్ ఇంటిల్లిపాదికీ చాలదు. అది వేడి బయటికి పోకుండా కట్టిన డబ్బా, మళ్లీ చల్లబడాలంటే చాలాసేపు పడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చాలామందికి తెలియదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవున్న నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షవర్ తుంపర్లతో అది ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా రావచ్చు. అందుకే చలికాలం మొదట్లో గీజర్ వేసినప్పుడు నీళ్లను 60 డిగ్రీల దాకా కాగనిచ్చి, కాసేపు వదిలేసి, తర్వాతే వాడండి.

ఊరెళ్లి వచ్చేసరికి బాత్రూం కంపు కొడితే నేల మీది జాలీ కింద, మురుగు వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే ఫ్లోర్ ట్రాప్ ఎండిపోయిందని అర్థం. చెంబెడు నీళ్లు పోస్తే చాలు. వెళ్లేముందు ఆ నీళ్లపై కాస్త వంటనూనె పోస్తే త్వరగా ఆరవు. టాయిలెట్ పక్కనుండే షట్టాఫ్‌ను, అంటే కడుక్కునే చేతి షవర్‌ను, వాడిన ప్రతిసారీ గోడ దగ్గరి వాల్వ్ కట్టేయండి. చేతి దగ్గర మీట వదిలినంత మాత్రాన పైపులో ప్రెషర్ తగ్గదు. ఎవరూ లేనప్పుడు అది పగిలితే ఇల్లంతా నీళ్లే, కింది ఫ్లాటు సీలింగుతో సహా.

ఇవన్నీ ఫ్లాట్లలో ఉండేవాళ్ల సంగతి. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి వచ్చి కార్మికుల క్యాంపుల్లో ఉండే మనవాళ్లకు గీజర్ ఉపాయం పనికిరాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. అది చాలా మంచి చట్టం. కానీ పని ముగించుకుని వచ్చిన మనిషికి ఒళ్లు చల్లబరచుకోవడానికి నీళ్లు కూడా కావాలి కదా. రాత్రే డ్రమ్ముల్లో పట్టి నీడలో దాచుకుంటే తప్ప చల్లనీళ్లు దొరకని క్యాంపులు ఉన్నాయి.

క్యాంపుల బాధ్యత చూసే తెలుగువాళ్లు ఇది చదువుతుంటే, ఏప్రిల్‌లోనే ట్యాంకు మీద రేకుల పందిరి వేయించమని కంపెనీని అడగండి. ఎండలో ఉన్న పైపులకు ఇన్సులేషన్ చుట్టించండి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషన్‌కు డబ్బులు లేవన్నా, ఈ రెండు పనులకు పెద్ద ఖర్చు కాదు.