పొందూరు దాటాక

2023 డిసెంబరులో ఒక ఉదయం ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం డ్యూటీకి వెళ్తున్నాను. పొందూరు దాటిందో లేదో గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు, ఇక చచ్చిపోతున్నాననే అనుకున్నాను. చీపురుపల్లిలో ఎవరో దించి నీళ్ళు తాగించారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మలే. ఒక డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టేసి "ఏమీ లేదమ్మా, ఊరికే టెన్షన్ పడుతున్నావు" అని పంపేశారు. ఏమీ లేకపోతే మూడు రోజులకోసారి ఇలా ఎందుకొస్తోంది? ఆ మాట విన్నాక నా మీద నాకే అసహ్యమేసింది.

ఒక రాత్రి రెండింటికి 14416కి, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, ఫోన్ చేశాను. తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడి, సైకియాట్రిస్టుని కలవమన్నారు. అది పానిక్ అటాక్ అని, కొన్ని నిమిషాల్లో బాగా పెరిగి దానంతటదే తగ్గుతుందని సైకియాట్రిస్టు చెప్పారు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, సొంతంగా ఆపొద్దని కూడా. మందులు నాకు పనిచేశాయి, ధ్యానం ఒక్కదానితోనే కోలుకున్నానని చెప్తే అబద్ధమే అవుతుంది.

కౌన్సెలర్ మేడం శ్వాసని గమనించమన్నారు. నాకది ఇంకా కష్టమైంది, కళ్ళు మూసుకుంటే గుండె చప్పుడే చెవుల్లో మోగేది. అలా చెప్తే, అయితే ఊపిరి వద్దు, అరికాళ్ళు నేలకి ఆనిన చోట ధ్యాస పెట్టండి, మనసు పక్కకి పోతే తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోండి అన్నారు. తిట్టుకోకుండా ఎలా? నాకు తెలిసింది అదొక్కటే కదా, దడ వచ్చిన ప్రతిసారీ "సిగ్గులేదా, అందరూ బాగానే ఉన్నారు, నీకే ఏం రోగం" అనుకునేదాన్ని.

ఆ సంక్రాంతికి పొందూరులో మా పెద్దమ్మ రాట్నం పక్కన కూర్చున్నాను. వాలుగ చేప దవడతో ఏకిన దూది, వెంట్రుకంత సన్నటి దారం. పది నిమిషాల్లో నాలుగుసార్లు తెగింది. తెగిన ప్రతిసారీ రాట్నం ఆపి, రెండు కొసలూ వేళ్ళతో నులిమి కలిపి మళ్ళీ తిప్పడమే, మొహంలో ఏ మార్పూ లేదు. విసుగు రాదా పెద్దమ్మా అంటే, "దూదిని తిడితే దారమొస్తాదేటే?" అంది. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను, నన్ను నేను ఎన్నేళ్ళుగా తిడుతున్నానో అప్పుడు తెలిసింది.

క్రిస్టిన్ నెఫ్ అనే అమెరికా సైకాలజిస్టు 2003 నుంచే ఇలా మనల్ని మనం తిట్టుకోకుండా ఉండటం గురించి రాస్తున్నారని కౌన్సెలర్ మేడం చెప్పారు. అందులో మూడు ఉన్నాయట: మనపట్ల దయ, ఇది నా ఒక్కరి బాధే కాదన్న తెలివిడి, జరుగుతున్నదాన్ని పెంచకుండా తుంచకుండా చూసే ఎరుక. నాకు బాగా పనికొచ్చింది రెండోది. ధైర్యం చేసి ఆఫీసులో చెప్తే, పక్క సీటు అక్క గొంతు తగ్గించి "నాకూ వస్తుందే, పదేళ్ళ నుంచి" అంది.

ఇప్పటికీ పొందూరు దాటాక అప్పుడప్పుడు గుండె జోరందుకుంటుంది. చెప్పులు విప్పి అరికాళ్ళు బోగీ నేలకి ఆనిస్తాను, అదురు తెలుస్తుంది. ఛాతీ మీద చెయ్యేసుకుని, మా చెల్లితో అన్నట్టే, "భయమేసిందా, పర్లేదమ్మా, ఇక్కడే ఉన్నాను" అనుకుంటాను. చీపురుపల్లి వస్తుంది, దిగేవాళ్ళు దిగుతారు, నేను విజయనగరం దాకా వెళ్తాను.