సాడిల్ బ్యాగు కిందకి స్టెప్నీ టైరు కూడా చేరింది

ఈ సీజన్ నా లక్ష్యం 300 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ రైడు. 20 గంటల్లో ముగించాలి. దారిలో పంక్చర్ షాపు దొరికితే ఆగి బాగు చేయించుకోవచ్చు గానీ, మనవాళ్లెవరో వెనకాల కారులో చక్రం పట్టుకొస్తామంటే కుదరదు, ఆ సాయం దారిలో హాజరు వేయించుకునే కంట్రోల్ పాయింట్ల దగ్గరే. కాబట్టి ఇంటి నుంచి ఏం మోసుకెళ్లాలన్న లెక్క కాళ్ల తయారీతో పాటే నడుస్తోంది. బండి అల్యూమినియం ఫ్రేము, 11 స్పీడు (వెనక 11 గేర్లు), 28 మి.మీ. టైర్లు, లోపల మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబులు. ట్యూబ్‌లెస్‌కి మారమని గ్రూపులో అందరూ చెబుతున్నారు. చిల్లులు మూయడానికి అందులో పోసే సీలెంట్ ద్రవాన్ని కడుక్కునే ఓపిక నాకు లేదు.

జూన్

వానలు మొదలయ్యాక చేవెళ్ల రోడ్డు మీద మూడు రకాల శత్రువులు. రోడ్డంచున తుమ్మముళ్లు, బండి మట్టిలోకి దిగితే పల్లేరుకాయలు, అన్నిటికంటే పాపిష్టిది లారీ టైరు పేలినప్పుడు రాలే ఉక్కు తీగ ముక్క. ముల్లు కంటికి కనబడుతుంది. తీగ వెంట్రుకంత సన్నం, టైరులోనే దాక్కుని కొత్త ట్యూబును కూడా పది నిమిషాల్లో తినేస్తుంది. వేలితో తడిమితే తగలదు, తగిలితే వేలు తెగుతుంది. దూది ఉండ ఒకటి టైరు లోపల గుండ్రంగా లాగండి, తీగ ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. అక్కడ చిన్న ట్వీజర్‌తో లాగేయాలి. ఇంకో సంగతి, టైరు మీద కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా ఎక్కిస్తే, ట్యూబులో చిల్లు దొరికిన వెంటనే టైరులో ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. చిల్లు ట్యూబుకి రిమ్ము వైపున ఉంటే టైరును వదిలేసి రిమ్ టేపు జరిగిందేమో చూడాలి. పక్కపక్కన రెండు గాట్లు పడితే గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కిందని అర్థం.

అప్పటి సామాను: ట్యూబులు రెండు, టైరు ఊడదీసే లీవర్లు రెండు, ప్యాచ్ కిట్, చైన్ బ్రేకర్ ఉన్న మల్టీటూల్, తెగిన చైనును కలపడానికి 11 స్పీడు క్విక్ లింకు. ట్యూబులను పాత సాక్సులో దూర్చాను. ఇనుప సామానుతో కలిపి వేస్తే బ్యాగులోనే రాపిడికి చిల్లుపడతాయి, అవసరమైన రోజున ఆ సంగతి తెలుస్తుంది. నలభై గ్రాముల టీపీయూ (ప్లాస్టిక్ రకం) ట్యూబులు ఎందుకు పెట్టుకోవని అడుగుతున్నారు. తేలికే, కానీ మామూలు సొల్యూషన్, ప్యాచ్ వాటికి పనిచేయవు. షాపులో వేడి ప్యాచ్ వేయించాలనుకుంటే ట్యూబే కరిగిపోవచ్చు. ఊళ్లలో బాగుపడే వస్తువే నాకు కావాలి.

ఆగస్టు

గాలి సంగతి తేలింది. 16 గ్రాముల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) నింపిన చిన్న కార్ట్రిడ్జ్ ఒకటి నా టైరును క్షణాల్లో నింపేస్తుంది, కానీ ఆ గాలి బ్యూటైల్‌లోంచి మామూలు గాలికంటే వేగంగా జారిపోతుంది, ఇంటికొచ్చాక మళ్లీ కొట్టాలి. పైగా తీగ తీయకుండా నింపేశామా, కార్ట్రిడ్జ్ వృథా. అందుకే అసలు ఆధారం చేతిపంపే. చిన్న గొట్టం ఉన్న పంపు తీసుకున్నాను, వాల్వు మీద బలం పడదు. ఇంట్లో 75 పీఎస్ఐ పెడతాను, రోడ్డు మీద 60 వచ్చేసరికే చేతులు మొరాయిస్తాయి. 60తో ఇంటికి రావచ్చు. సీఓటూ ఒక్కటి వానకీ, చీకటికీ దాచుకున్నాను.

మన సన్న వాల్వుకి ఊరి కంప్రెసర్ పట్టదు. ఆమన్‌గల్ దాటాక ఒక షాపాయన చక్రం అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేం వాల్వు సార్, గాలెట్ల పోతది లోపలికి?" అన్నాడు. జేబులోంచి ఇత్తడి అడాప్టర్ తీసి బిగించాను. గోరంత ఉంటుంది, దాన్ని మరచిపోయి వెళ్లకూడదు. కంప్రెసర్‌తో మాత్రం కొంచెం కొంచెంగా కొట్టించుకోండి, లారీకి కొట్టినట్టు కొడితే ట్యూబు ఢామ్మంటుంది.

సెప్టెంబర్

ఈ నెలంతా టైరు గురించే. శ్రీశైలం దారిలో తోటి రైడర్ వెనక టైరు పక్కగోడ రాయి కోసుకుని రెండు సెంటీమీటర్ల మేర తెరుచుకుంది. చిన్న గాటైతే లోపల చిప్స్ ప్యాకెట్ మడతో, టూత్‌పేస్ట్ ట్యూబు ముక్కో పెట్టి గడిపేయొచ్చు. పక్కగోడ అంత తెగితే గాలి కొట్టగానే ట్యూబు బుడగలా బయటికి తోసుకొస్తుంది. పక్క ఊళ్లో సైకిల్ షాపు ఉంది, టైర్లు దండలుగా వేలాడుతున్నాయి, ఒక్కటీ పనికి రాలేదు. మన పాతకాలం పెద్ద సైకిళ్ల 28 అంగుళాల టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మి.మీ. మన రోడ్డు సైకిలు 700సీ సైజు రిమ్ముది 622. ఎక్కించడం సులువే, వదులుగా ఉండి నిలవదు. 26 అంగుళాల గేరు సైకిలుది 559, అది రిమ్ము ఎక్కదు. హైబ్రిడ్ బండ్ల 700×35 టైరు దొరికితే రిమ్ముకి సరిపోతుంది గానీ, వెడల్పు ఎక్కువై మన ఫ్రేములో తిరగదు. ఆ రైడర్ టాటా ఏస్‌లో తిరిగొచ్చాడు. అదే మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటాక జరిగి ఉంటే? దోమలపెంట దాకా అడవి, పైగా రాత్రి తొమ్మిదికి గేటు వేసేస్తారు.

ట్యూబుకి ఎక్కడైనా అతుకు వేయించుకోవచ్చు, టైరు మాత్రం దొరకదు. అందుకే ఫోల్డింగ్ టైరు కొన్నాను. 28 మి.మీ. కాదు, 25. చిన్నగా మడత పడుతుంది, ఇల్లు చేరడానికి చాలు. వంటింటి కాటా మీద 238 గ్రాములు తూగింది. తీగ అంచు ఉన్న టైరు చవక, కానీ మడత పడదు.

కొత్త టైరును నేరుగా బ్యాగుకి కట్టేయకండి. కొత్తది రిమ్ము ఎక్కడానికి మొండికేస్తుంది, అర్ధరాత్రి హైవే పక్కన ఆ కుస్తీ వద్దు. వారం పాటు చక్రానికే వేసి తొక్కాను, అంచులు సాగి ఇప్పుడు లీవర్ లేకుండా బొటనవేళ్లతోనే ఎక్కుతోంది. వందేళ్ల కిందటి రేసర్లు కుట్టు టైర్లను (ట్యూబును లోపల పెట్టి కుట్టేసినవి) భుజాల మీద ఎనిమిది అంకెలా వేసుకుని తిరిగిన ఫొటోలు చూసి నవ్వుకునేవాణ్ని, ఇప్పుడు నవ్వు రావట్లేదు.

అంచు విరగకుండా, కొన్నప్పుడు ఎలా మడిచి ఉందో అలాగే మడిచాను. పాత ట్యూబును అడ్డంగా కోస్తే రబ్బరు బ్యాండ్లు బోలెడు, వాటితో బిగించి పాత రెయిన్‌కోటు గుడ్డలో చుట్టాను. వెనక చక్రం చిమ్మే ఇసుక నుంచి ఆ గుడ్డే కాపాడాలి. బ్యాగులో పట్టదు, బ్యాగు కింద వెల్‌క్రో పట్టీతో కడుతున్నాను. మొదట సీటు రాడ్డుకి కట్టి చూశాను, తొడకి రాసుకుని విసుగు తెప్పించింది.

అక్టోబర్

మొత్తం సామాను కిలోకి కాస్త తక్కువ. గేర్లు మార్చే డిరైల్యూర్‌ను ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ కూడా కలిపాను, ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం, ఏ షాపులోనూ దొరకదు. పంపు చుట్టూ ఇన్సులేషన్ టేపు చుట్టాను, విడిగా మోయక్కర్లేదు.

మేడ మీద లైట్లార్పి, హెడ్‌ల్యాంప్ వెలుగులో వెనక టైరు మార్చి చూశాను. చైనును ముందే వెనకున్న అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదకి దించితే చక్రం ఇట్టే ఊడొస్తుంది. గాలితో కలిపి పావుగంట పట్టింది. సగం సమయం పంపుకే.

గండిపేట రైడుకీ, హైదరాబాద్ ఓఆర్‌ఆర్ సైకిల్ ట్రాకుకీ టైరు మోయను, ఆటో ఎక్కితే సరి. వంద దాటితే కడతాను. నలుగురం కలిసి వెళ్తే అందరికీ కలిపి ఒక్కటి చాలు, ఎవరు మోయాలన్నదే పేచీ.

బ్రెవేకి ముందు సొల్యూషన్ కొత్తది కొనాలి. ఒకసారి సీలు తెరిస్తే కొన్నాళ్లకే లోపల ఎండి గట్టిపడుతుంది, పైకి మాత్రం నిండుగానే కనబడుతుంది.