పడవ నడిపేవాళ్లకు లైసెన్స్ ఎందుకు అడగం?

ఆగస్టు వచ్చిందంటే మా వైపు చెరువులన్నీ నిండుతాయి. లక్నవరం మత్తడి దుంకుతోందని, రామప్ప నిండిందని, పాకాల కట్ట మీద నిలబడితే కనుచూపు మేర నీళ్లేనని వాట్సాప్‌లో ఫోటోలు మొదలవుతాయి, ఆదివారం వచ్చేసరికి హనుమకొండ నుంచి, కాజీపేట నుంచి, కరీంనగర్ నుంచి కూడా కార్లు, బైకులు వరుస కడతాయి. నాకూ అదంటే చాలా ఇష్టం. కాకతీయులు కట్టించిన చెరువుల్లో ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా నీళ్లు కళకళలాడుతుంటే ఎవరికి సంతోషం కాదు? కానీ ఆ కార్ల డిక్కీల్లో ఏం పోతుందో కూడా మనందరికీ తెలుసు. దావత్ లేకపోతే చాలామందికి చెరువుకు పోయినట్టే ఉండదు. తాగొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. తాగి పడవెక్కడం గురించి, దానికంటే ముఖ్యంగా నడపడం సరిగా రాని మనిషి చేతిలో ఇరవై మంది ప్రాణాలు పెట్టడం గురించి రాస్తున్నా.

పోయిన వానాకాలం చుట్టాలొస్తే వాళ్లను తీసుకుని ఒక చెరువుకు పోయాం. ఏ చెరువో రాయను, ఆ ఒక్క చోటే ఇలా ఉందని నేను అనుకోవడం లేదు. బోటు నడిపే పిల్లగాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. మాతోపాటు ఇంకో గ్యాంగ్ ఎక్కింది, అప్పటికే వాళ్ల కళ్లు ఎర్రబడి ఉన్నాయి, ఒకాయన చేతిలో కూల్‌డ్రింక్ సీసా ఉంది, అందులో మందు కలిపారని పక్కన కూర్చుంటేనే వాసన వస్తోంది. లైఫ్ జాకెట్లు ఇచ్చారు. నా జాకెట్‌కు నడుము దగ్గర బకిల్ విరిగిపోయి ఉంది. మా అక్క కొడుక్కి పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే చెవుల దాకా వచ్చింది, వాడు నీళ్లలో పడితే జాకెట్ పైన తేలుతుంది, వాడు కిందికి జారిపోతాడు. చిన్న సైజు లేదా అంటే లేదన్నారు.

ఇంజన్ దగ్గర ఒక ఎర్ర తాడు ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? కిల్ స్విచ్ తాడు. ఒక కొస ఇంజన్ స్విచ్‌కు, ఇంకో కొస నడిపేవాడి మణికట్టుకు ఉండాలి. వాడు జారి నీళ్లలో పడితే తాడు లాగినట్టయి ఇంజన్ ఆగిపోతుంది. అది లేకపోతే నడిపేవాడు లేని పడవ గుండ్రంగా తిరుగుతూ వచ్చి, నీళ్లలో ఉన్నవాళ్ల మీదికే ప్రొపెల్లర్‌తో సహా ఎక్కుతుంది. ఈ పిల్లగాడు ఆ తాడును హ్యాండిల్‌కే చుట్టి పెట్టుకున్నాడు.

చెరువు మధ్యకు పోయాక ఆ గ్యాంగ్ సెల్ఫీ అని అందరూ లేచి ఒకే పక్కకు వచ్చారు. పడవ వాలింది. "అన్నా, కూసోండ్రన్నా" అని ఆ పిల్లగాడు రెండుసార్లు అన్నాడు, గొంతు పైకి లేవలేదు. అంతలో సీసా పట్టుకున్నాయన వెనక్కి పోయి "ఏయ్ తమ్మీ, నాకియ్యి, నేను తోల్త" అన్నాడు. ఇచ్చేశాడు! ఆయన ఒక్కసారిగా స్పీడ్ పెంచాడు, ముందర నీళ్లలోంచి ఒక మోడు కనబడగానే భయపడి పూర్తిగా తగ్గించాడు. తగ్గిస్తే పడవ ఆగుతుందనుకున్నాడు పాపం, బైక్ అలవాటు కదా. పడవకు బ్రేకు లేదు. ఇలాంటి ఇంజన్ పడవ తిరిగేది ప్రొపెల్లర్ తోసే నీళ్లతోనే కాబట్టి, ఇంజన్ బలం తగ్గిస్తే తిప్పినా సరిగా తిరగదు. మోడు వైపే జారుకుంటూ పోయాం, వెనక మేము లేపిన అలే వచ్చి మా పడవలోకి ఎక్కింది. మా అక్క చెప్పుల మీదుగా నీళ్లు పారాయి. పిల్లగాడు హ్యాండిల్ గుంజుకుని కొద్దిగా స్పీడ్ ఇచ్చి పక్కకు తిప్పాడు, మోడు పడవ అంచుకు గీరుకుంటూ పోయింది.

ఒడ్డుకొచ్చాక అందరూ దిగేదాకా ఆగి అడిగాను. "ఎందుకిచ్చినవ్ తమ్మీ?"

"ఇయ్యకపోతే లొల్లి చేస్తరన్నా. ఓనర్‌కు చెప్తే గిరాకీ చెడగొట్టినవని నన్నే తిడ్తడు."

లైసెన్స్ ఉందా అంటే బండికి ఉందన్నాడు. ఇది నడపడం ఎవరు నేర్పారంటే, అంతకుముందు పని చేసిన దోస్తు మానేసి పోతూ చూపించి పోయాడట. నాకు ఆ పిల్లగాడి మీద కోపం రాలేదు. ఆ సీసా మనిషికి "ఇయ్య" అని చెప్పడానికి వాడి దగ్గర ఏముంది? ఒక కార్డు లేదు, ఒక రూల్ లేదు, వెనక నిలబడే ఆఫీసర్ లేడు. లైసెన్స్ గురించి మనం ఎప్పుడూ నడపడం వచ్చా రాదా అనే కోణంలోనే ఆలోచిస్తాం కానీ, నేను లైసెన్స్ కావాలనడానికి మొదటి కారణం ఇది: నడిపేవాడికి కాదనే హక్కు దొరుకుతుంది. "అన్నా, ఇస్తే నా లైసెన్స్ పోతది" అంటే తాగినవాడికి కూడా అర్థమయ్యే మాట. ఓనర్‌కు కూడా.

2019 సెప్టెంబర్ 15 వరంగల్‌లో ఎవరూ మరిచిపోరు. పాపికొండలకు పోతున్న టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది, యాభై మందికి పైగా చనిపోయారు. మన కాజీపేట పక్కన కడిపికొండ నుంచి పోయిన బృందం ఆ బోటులోనే ఉంది, వాళ్లలో ఎక్కువమంది ప్రాణాలతో రాలేదు. బోటును బయటికి తీయడానికే అక్టోబర్ 22 దాకా పట్టింది, ధర్మాడి సత్యం బృందం నది అడుగు నుంచి లాగింది. అక్కడ మందు సంగతి లేదు, నేను దాన్ని తాగుడు లెక్కలో వేయడం లేదు. గోదావరి వరద మీద ఉంది, అయినా బోటు బయలుదేరింది. ఆ రోజు పొద్దున రేవులో ఎవరో ఒకరు "ఇయ్యాల తీయను" అని ఉంటే చాలు. అది అనగలిగిన మనిషి అక్కడ లేకుండా పోయాడు.

దేశంలో మిగతా చోట్ల కూడా చూడండి. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది చనిపోయారు, అది చేపల పడవను మార్చి టూరిస్టు బోటుగా చేసినది, పట్టాల్సిన వాళ్లకంటే ఎక్కువమందిని ఎక్కించుకుని పొద్దుగూకాక తిప్పారు. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో స్కూల్ పిక్నిక్‌కు వచ్చిన 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు, అక్కడా కెపాసిటీకి మించే ఎక్కించారు, చాలామందికి జాకెట్లు లేవు. ఎక్కువమందిని ఎక్కించొద్దని తెలియక చేసిన పనులా ఇవి?

మందు విషయానికొస్తే, రోడ్డు మీద తాగితే ఒక లెక్క, నీళ్ల మీద ఇంకో లెక్క. ఎండ, గాలి, నీళ్ల మీద మెరుపు, ఇంజన్ అదురు, ఇవన్నీ కలిసి మామూలు మనిషినే అలసిపోయేట్టు చేస్తాయి, కాబట్టి ఇంట్లో తాగిన రెండు పెగ్గులే పడవలో ఎక్కువ దెబ్బ కొడతాయి. మందు బ్యాలెన్స్‌ను చెడగొడుతుంది. పడవలో లేచి నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నీళ్లలో పడ్డాక తల కిందికి పోతే, పైకి ఎటో కిందికి ఎటో తాగిన మనిషికి తెలియకపోవచ్చు, ఈత వచ్చిన వాళ్లు కూడా అడుగు వైపు ఈదే ప్రమాదం ఉంది. అందుకే నడిపేవాడిని మాత్రమే ఊదిస్తే సరిపోదు, ఎక్కేవాళ్లను కూడా చూసి ఎక్కించాలి. రోడ్డు మీద 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు, శనివారం రాత్రి హనుమకొండ చౌరస్తాలో ఊదకుండా తప్పించుకోవడం కష్టం. అదే మనిషి పొద్దున్నే చెరువులో పడవ హ్యాండిల్ పట్టుకుంటే ఊదమనేవాడు నేను చూసిన ఏ రేవులోనూ కనబడలేదు.

మా కజిన్ డాలస్‌లో ఉంటాడు, వాళ్ల దగ్గర లేక్‌లో పాంటూన్ బోటు (గొట్టాల మీద తేలే బల్లపరుపు పడవ) గంటల లెక్కన అద్దెకు తీసుకుని సొంతంగా నడుపుకోవచ్చు, మనవాళ్లు బర్త్‌డేలకు తెగ పోతుంటారు. అక్కడ నేర్పు, మందు రెండింటినీ చట్టం పట్టించుకుంటుంది. టెక్సాస్‌లో 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ కోర్సు చేసి ఉండాలి, రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే కారుకు పడినట్టే కేసు పడుతుంది. అయినా అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే లెక్కల్లో బోటు ప్రమాద మరణాలకు తెలిసిన కారణాల్లో ముందుండేది మందే. ఇంకో సంగతి నన్ను బాగా పట్టుకుంది: నడిపినవాడికి శిక్షణ ఉందో లేదో తెలిసిన మరణాల్లో, దాదాపు నాలుగింట మూడు వంతులు అసలు శిక్షణే లేనివాళ్లు నడిపిన పడవల్లో జరుగుతున్నాయి. మునిగి చనిపోయినవాళ్లలో ఐదుగురిలో నలుగురికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. ఇంజన్ పడవకు రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్స్, నడిపే సిబ్బందికి యోగ్యతా సర్టిఫికెట్ ఉండాలని అందులో ఉంది. కానీ ఏదో ఊరి చెరువులో కాంట్రాక్టు మీద తిరిగే పడవ దాకా ఆ కాగితం ఎంతవరకు వచ్చింది? నేను అడిగిన ఏ పిల్లగాడూ ఆ సర్టిఫికెట్ పేరు కూడా వినలేదు.

లైసెన్స్ పెడితే బ్రోకర్లు బతుకుతారు, డబ్బులిస్తే ఎవడికైనా కార్డు వస్తుందని మా ఫ్రెండ్ ఒకాయన వాదించాడు. నిజమే, బండి లైసెన్సుల సంగతి చూశాం కదా. కానీ అందుకని బండి లైసెన్స్ తీసేద్దాం అని ఎవరూ అనడం లేదు. పరీక్ష ఆఫీసులో కాకుండా నీళ్ల మీద పెట్టాలి. నిండా మనుషులతో పడవను రేవుకు ఆనించడం, పక్కగాలిలో తిప్పడం, నీళ్లలో పడ్డవాడిని ఇంజన్ ఆపి ఎక్కించుకోవడం, ఈ మూడూ చేసి చూపిస్తే ఇవ్వాలి, లేకపోతే వద్దు. ఇంకో భయం ఉంది, అది నాకూ ఉంది: రూల్ వచ్చిందంటే ముందు చేపలు పట్టేవాళ్ల మీద పడతారు. థర్మాకోల్ షీట్లు కట్టుకుని దాని మీద కూర్చుని వల వేసే మనిషిని లైసెన్స్ ఏదని అడగడం అన్యాయం. ఆయన ఎవరినీ ఎక్కించుకోడు, ఆయన ప్రాణమే ఆయన పెట్టుబడి. ఆయనకు కావాల్సింది ఒంటికి పట్టే జాకెట్, దాన్ని సర్కారు చేపపిల్లలు ఇచ్చినట్టే మత్స్య సొసైటీ ద్వారా ఇవ్వాలి. ఆ మనిషికి చెరువులో ఏ మోడు ఎక్కడుందో, నీళ్లు తగ్గితే ఏ బండ పైకొస్తుందో, మబ్బు ఎటు పడితే గాలి ఎటు లేస్తుందో తెలుసు. మా ఊరి ముదిరాజ్ కాక ఒకాయన ఆ సంగతులు చెబుతుంటే పొద్దుగూకేదాకా విన్నాను. పడవలు నడపడానికి ముందు పిలవాల్సింది వీళ్లను, పరీక్ష పెట్టడానికి కూర్చోబెట్టాల్సిందీ వీళ్లనే. తక్కువ జీతానికి దొరికాడని ఎవరినో పట్టుకొచ్చి హ్యాండిల్ ఇస్తున్నాం.

మేం కొంతమంది కలిసి వచ్చే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ పెడుతున్నాం. అందులో పెద్ద కోరికలేం లేవు. జిల్లాలో మనుషులను ఎక్కించుకుని తిరిగే ప్రతి ఇంజన్ పడవ నడిపేవాడికి నీళ్ల మీద పరీక్ష పెట్టి కార్డు ఇవ్వాలి, మత్స్య సొసైటీల సభ్యులకు ఫీజు లేకుండా మొదటి అవకాశం ఇవ్వాలి. ప్రతి రేవులో ఊదే మిషన్ ఉండాలి, తాగి వచ్చినవాళ్లకు టికెట్ డబ్బు వాపస్ ఇచ్చి దింపేసే అధికారం నడిపేవాడికే ఉండాలి, అలా దింపినందుకు ఓనర్ పనిలోంచి తీసేస్తే ఆ కాంట్రాక్టు రద్దు కావాలి. పడవ మీద ఎంతమందో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. పిల్లల సైజు జాకెట్ లేని పడవలో పిల్లలను ఎక్కించకూడదు. సంతకం పెట్టేవాళ్లు పొద్దున పది గంటలకల్లా కలెక్టరేట్ గేటు దగ్గరికి రండి, ఎవరైనా బోటు నడిపే తమ్ముళ్లు తెలిసినవాళ్లుంటే వాళ్లను కూడా తీసుకురండి, అర్జీలో ఏం మార్చాలో వాళ్లే బాగా చెప్పగలరు.