కిటికీ అంచున ఒక గురువు

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో యదు మహారాజు ఒక యువ అవధూతను చూసి, ఇంతటి జ్ఞానం, ఇంతటి ఆనందం ఎక్కడివని అడుగుతాడు. ‘సంతి మే గురవో రాజన్ బహవో బుద్ధ్యుపాశ్రితాః’ (రాజా, నేను బుద్ధితో ఆశ్రయించిన గురువులు ఎందరో ఉన్నారు) అంటూ అవధూత 24 మంది గురువులను పేర్కొంటాడు. పావురం, కొండచిలువ, తేనెటీగ, చేప, పాము, సాలీడు ఆ వరుసలోనివే. వీటిలో ఏదీ ఆయనను పిలిచి ఉపదేశించలేదు. బుద్ధితో ఆశ్రయించినవాడు ఆయనే.

చదువు కోసం ఒక చలి దేశానికి వెళ్లిన తొలి శరదృతువులో ఈ మాట నాకు అర్థమైంది. అద్దె గదిలో దిగిన నాడు ‘సర్పః పరకృతం వేశ్మ ప్రవిశ్య సుఖమేధతే’ (ఇతరులు కట్టిన ఇంట్లో చేరి పాము సుఖంగా ఉంటుంది) గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ గది కిటికీ బయట, వీపు మీద తెల్లచుక్కలు సిలువలా అమరిన గోధుమరంగు సాలీడు ఒకటి గూడు కట్టింది. ఒకనాడు తెల్లవారకముందే లేచి చూస్తే, అది చిరిగిన పాత దారాలను చుట్టచుట్టి తినేస్తోంది. తరువాత నడుమ నుంచి బండిచక్రపు ఆకుల్లా దారాలు వేసి, వాటి మీద చుట్లు తిప్పుతూ, కొత్త గూడు అల్లింది. మింగిన పట్టులోని మాంసకృత్తులే మళ్లీ కొత్త దారమవుతాయట. సాలీడు గురించి అవధూత చెప్పిన శ్లోకం గుర్తొచ్చింది:

యథోర్ణనాభిర్హృదయాదూర్ణాం సంతత్య వక్త్రతః
తయా విహృత్య భూయస్తాం గ్రసత్యేవం మహేశ్వరః

సాలీడు తనలోని దారాన్ని నోటి ద్వారా పరచి, దానితో విహరించి, తిరిగి మింగినట్లే ఈశ్వరుడు జగత్తును వెలువరించి తనలోకి తీసుకుంటాడని దీని భావం. నిజానికి దారం పుట్టేది పొట్టలోని గ్రంథుల్లో, బయటికి వచ్చేది పొట్ట చివర నుంచి. ముండకోపనిషత్తు ‘సృజతే గృహ్ణతే చ’ (వెలువరిస్తుంది, తిరిగి తీసుకుంటుంది) అని మాత్రమే చెప్పి ఊరుకుంది. కానీ శ్లోకం మనసు పెట్టింది ఆ చోటు మీద కాదు. కుమ్మరికి మట్టి బయటి నుంచి రావాలి, సాలీడుకు అక్కరలేదు. కర్త, పదార్థం ఒక్కటే. ఇంతకాలం అప్పజెప్పిన ఈ వేదాంతవాక్యాన్ని కంటితో చూసింది ఆ తెల్లవారుజామునే.

మంచు పడడం మొదలయ్యాక ఒక ఉదయం గూడూ లేదు, సాలీడూ లేదు. ‘గ్రసతి’ (మింగుతుంది) అనుకుని కిటికీ మూయబోతుంటే, చట్రం మూలన పసుపుపచ్చని పట్టుపొదిలో గుడ్లు కనిపించాయి. ఆ చివరి దారాన్ని మాత్రం అది మింగలేదు.